ముక్కల పెద్ద వరహాలు

వరహాలు గురించి పెద జాలరిపేటలో ఎవరినైనా అడిగి చూడండి, "ఏ వరహాలు?" అంటారు. "అదే, అర్జునరావు పడవలో నీళ్ళు తోడతాడే" అంటే అప్పుడు "ఓహో, ఆయనా!" అంటారు. నలభై మూడేళ్ళ మనిషికి లోకంలో ఉన్న చిరునామా అంతే. పడవ అర్జునరావుది. వల వెయ్యమనేది అర్జునరావు, తియ్యమనేది అర్జునరావు. పడవ అడుగున ఊరిన నీళ్ళను డబ్బాతో తోడి బయట పారబోయడం వరహాలు పని. తోడకపోతే అందరూ మునుగుతారు. తోడితే మాత్రం తోడినట్టు ఒక్కడికీ కనబడదు. కొన్ని పనులకు అదే రాత, ఏం చేస్తాం!

ఆ అర్జునరావు స్వయానా వరహాలుకి బావ. ఆయన చెల్లెలు చిలకమ్మే వరహాలు భార్య. పేటలో పెళ్ళి మాటలైనా, వలల తగాదా అయినా అర్జునరావు చాప మధ్యలో, వరహాలు చాప చివర. ఎవరైనా మర్యాదకి "నువ్వేటంటావు వరహాలూ?" అంటే, "బావ ఎలగంటే అలగే" అనేవాడు. చివరికి మర్యాదకి అడగడం కూడా మానేశారు. చిలకమ్మకి ఒళ్ళు మండిపోయేది. ఆవిడ నెత్తిన గంపతో నాలుగు కాలనీలు తిరిగి చేపలమ్మే మనిషి. ఆవిడ కేక వీధి మొదట్లో వినబడితే వీధి చివర పిల్లులు లేచి నిలబడేవి.

"దేవుడు నీకు నోరెట్టింది కూడు తినడానికేనేటి?" అనేది మొగుణ్ణి.

"మరి దేనికి?" అనేవాడు వరహాలు, నిజంగానే తెలియక.

అలాంటి వరహాలు రెండువేల రెండో సంవత్సరం ఎండాకాలంలో, నెలన్నర పాటు, పేటకి పెద్దమనిషయ్యాడు. ముక్కల వల్ల అయ్యాడు. ముక్కలంటే పేకాట అనుకునేరు, కాదు. అక్కడికే వస్తున్నాను.

ఏప్రిల్ మొదట్లో ఒక రోజు ఫిషింగ్ హార్బర్ గట్టు మీద వరహాలు చేపలకి కాపలా కూర్చున్నాడు. ఓడ దిగి షికారుకొచ్చిన ఫిలిప్పీన్స్ వంటవాడొకడు రెండు సూర చేపల్ని చూసి మోజుపడ్డాడు. చేపల్ని చూపించాడు, చంకలో ఉన్న రేకు డబ్బా చూపించాడు. డబ్బా మీద బిస్కెట్ల బొమ్మ ఉంది. విదేశీ బిస్కెట్లు కదా, చిలకమ్మ సంతోషిస్తుందని వరహాలు చేపలిచ్చి డబ్బా పుచ్చుకున్నాడు. మూత తీస్తే బిస్కెట్లూ లేవు, వాటి పొడీ లేదు. పేకముక్కల్లాంటి దిట్టమైన రంగుల అట్టముక్కలు రెండొందల దాకా ఉన్నాయి. రెక్కల సింహాలు, ఒంటికన్ను రాక్షసులు, కొండంత తాబేళ్ళు, కత్తులు పట్టిన ఆడవాళ్ళు.

ఆ వంటవాడు మంచివాడే. గట్టు మీద చతికిలబడి అరగంట సేపు సైగలతో ఆట నేర్పాడు. మాటల్లేని పాఠం కాబట్టి వరహాలుకి చక్కగా ఎక్కింది. ఆటగాడికి ఇరవై ప్రాణాలు. ముక్క మీద రెండంకెలుంటాయి, ఒకటి ఎంత కొడుతుందో, రెండోది ఎంత ఓర్చుకుంటుందో. కొట్టడానికి వెళ్ళిన ముక్కను అడ్డంగా తిప్పాలి, అంటే అది అలసి పడుకుందని. కొత్తగా దిగిన ముక్క ఆ వంతులో కొట్టకూడదు, ఒక వంతు ఆగాలి. ఇంతవరకు బాగానే ఉంది. కాని ప్రతి బొమ్మ కింద లావు అక్షరాలతో ఒక ఇంగ్లీషు మాట ఉంది. వరహాలు దాని మీద వేలు పెట్టి ఏటన్నట్టు చూశాడు. వంటవాడు చెప్పబోతుంటే వాళ్ళ వాళ్ళు కేకేశారు. చేపలు చంకనేసుకుని పరుగెత్తాడు. రూల్సు పుస్తకం డబ్బాలో లేనే లేదు.

"రెండు సూరలిచ్చి బొమ్మలు తెచ్చినావా! నాకు సంబరంగా ఉంది, ఈటిని పులుసెట్టనా, ఏపుడు సెయ్యనా?" అంది చిలకమ్మ.

తర్వాత వారానికి వేట నిషేధం వచ్చింది. చేపలు గుడ్లు పెట్టే కాలం, నెలన్నర పాటు ఎవరూ సముద్రంలోకి వెళ్ళకూడదు. పడవలన్నీ ఇసుక మీద బోర్లా పడుకున్నాయి. మగవాళ్ళంతా వలల షెడ్డులో చేరి, బాగున్న వలల్ని కూడా విప్పి మళ్ళీ కడుతున్నారు. అంత ఖాళీగా ఉన్న జనం ముందుకి ఏ డబ్బా తెచ్చినా ఆడతారు. వరహాలు తెచ్చాడు. ఆడారు.

మొదటి రోజే తగాదా. అర్జునరావు రెక్కల సింహంతో కొట్టాడు. ఎదురుగా కూర్చున్నది జోగమ్మ. డెబ్బై ఏళ్ళ మనిషి, పొడుం పీల్చి తుమ్మితే షెడ్డు రేకులు కదులుతాయి. ఆవిడ ఒంటికన్ను రాక్షసుణ్ణి అడ్డం పెట్టింది.

"సింహానికి రెక్కలున్నాయి, నీ రాచ్చసుడి నెత్తి మీంచి ఎగిరొచ్చీసింది" అన్నాడు అర్జునరావు.

"మావోడు తాటిసెట్టంత ఉన్నాడు, కాలట్టుకుని లాగీసినాడు" అంది జోగమ్మ.

మాటకి మాట పెరిగింది. సింహం కింద ఏం రాసుందో చదవమన్నారెవరో. ఆరు నెలలు డాకులో కలాసీగా చేసి "ఎస్ సార్" అనడం నేర్చిన అర్జునరావుకి ఇంగ్లీషు వచ్చని పేటంతా నమ్మకం. అందరూ ఆయన వైపు చూశారు. ఆయన ముక్కను దగ్గర పెట్టుకుని, దూరం పెట్టుకుని, గొంతు సవరించుకుని, ఎన్నడూ లేనిది వరహాలు చేతికిచ్చాడు.

"నువ్వే సెప్పు బావా. తెచ్చినోడివి నువ్వు గదా."

వరహాలు ముక్కను అటూ ఇటూ తిప్పాడు. తెలుగు అక్షరమే రానివాడికి ఇంగ్లీషు ముక్కేం తెలుస్తుంది, పాపం! కాని ఇరవై మంది తనవైపే చూస్తున్నారు. అలా చూడటం పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. భయంగానూ ఉంది, బాగానూ ఉంది. బొమ్మ చూశాడు, సముద్రం తలచుకున్నాడు.

"రెక్కలున్నదాన్ని రెక్కలున్నదే ఆపాల. నేల మీదోడు ఆపలేడు. అదే రాసుంది" అన్నాడు.

అర్జునరావు ముక్క లాక్కుని, పెదాలు కదుపుతూ చాలాసేపు చూసి, "అవును. అచ్చరం పొల్లుపోకుండా అదే ఉంది" అన్నాడు.

అయిపోయింది. ఆ క్షణం నుంచి వరహాలు ముక్కల పెద్ద.

వరహాలు అబద్ధాలకోరు కాదని ముందే చెబుతున్నాను, మీరు తొందరపడకండి. అతను పట్టుకున్న కిటుకు చదువుకున్నవాళ్ళకి కూడా అంత సులువుగా దొరకదు. అక్షరాలు రాకపోయినా మాట ఆకారం గుర్తుపట్టేవాడు. ఈ మాట పొడుగు, ఆ మాటకి చివర కొక్కెం. ఒకే ఆకారం ఎన్ని ముక్కల మీదున్నా ఒకే శక్తి అని తేల్చాడు. "పడవలో 'గాలి మారింది' అని ఒకడంటాడు. తెరసాప దించాలనీ, వల సుట్టాలనీ ఇంకోడు సెప్పాలేటి? ఒక్క మాట సాలు, పనంతా అందులోనే ఉంది. ఇయ్యీ అంతే" అన్నాడు. అర్జునరావు కూడా తల ఊపాడు.

అలా ఒక్కో మాటకీ ఒక్కో పేరు పెట్టాడు. తాబేలుకీ, రాతి మనిషికీ ఉన్నది "గట్టు". గట్టు లేచెళ్ళి ఎవరినీ కొట్టదు, కూర్చున్నచోటే కూర్చుని వచ్చినదాన్ని ఆపుతుంది. ఎర్రమొహం గుర్రం మీదున్నది "పాతల్లుడు". కొత్తల్లుడికి వచ్చిన రోజే పని చెప్పం కదా, కొత్త ముక్కా ఒక వంతు ఆగాలి. పాతల్లుడికి ఆ మర్యాదేం లేదు, గుమ్మంలో చెప్పులు విప్పకముందే గొడ్డలి చేతికిస్తాం. వేలు చూపిస్తున్న ముసలిదాని ముక్కకి "అత్త" అని పెట్టాడు. ఆవిడ ఎవరిని ముట్టుకుంటే వాళ్ళు ఒక వంతు నోరు మూసుకుని కూర్చోవాలి. దీనికి కోడళ్ళున్న ఇళ్ళ నుంచి గట్టి సాక్ష్యం వచ్చింది.

ఒక ముక్క మీద మాత్రం ఎన్నో చేతులు ఒకే తాడు పట్టుకున్నట్టుంది. వరహాలు ఒక్క చూపులో తేల్చేశాడు. ఇంకేముంది, ఒడ్డు మీద పెద్దవల లాగుతున్నారు! పెద్దవల తాడు మీద ఎవడు చెయ్యేసినా, దారిన పోయేవాడైనా సరే, చేపల్లో వాటా ఇచ్చి తీరాలి. అది పేట కట్టు. కాబట్టి ఆ మాటున్న ముక్క కొట్టేటప్పుడు ఎవరు చెయ్యేస్తే వాళ్ళకి గెలుపులో వాటా. ఇక చూడండి తమాషా. ఇద్దరాడాల్సిన ఆట పదముగ్గురి ఆటయింది. తాడు ముక్క దిగిందంటే వల అల్లేవాడు సూది పారేసి వచ్చేవాడు, స్నానానికి వెళ్ళేవాడు సబ్బుచేత్తో వచ్చేవాడు. అంతా కలిసి ఆ చిన్న అట్టముక్క మీద చేతులేసి "ఐసా!" అని అరిచేవాళ్ళు. ఒకసారి గెలిచినవాళ్ళు పదిహేడు మంది, ఓడినవాడు ఒక్కడు. వాడు కూడా ఆఖర్ని చెయ్యేసి గెలిచాడు.

వరహాలు జీవితం మారిపోయింది. నడుస్తుంటే వెనక నుంచి పిలుస్తున్నారు. "వరహాలన్నా, అత్త వచ్చి గట్టుని ముట్టుకుంటే ఏటవుద్ది?" జోగమ్మ తన పొడుం డబ్బా చాపింది, ఆవిడ దృష్టిలో అది శాలువా కప్పడంతో సమానం. ఒక రోజు ముక్కలతో సంబంధం లేకుండా, పడవకి ఏ రంగు వెయ్యాలని కూడా అడిగారు. వరహాలు "నీలం" అన్నాడు. నీలమే వేశారు. ఆ సాయంత్రం అన్నం తినకుండా పడవ చుట్టూ నాలుగు సార్లు తిరిగాడు.

మే నెల మూడో వారంలో పిడుగు పడింది. పిడుగు పేరు వీరేంద్ర. రుషికొండ దగ్గర కాలేజీలో కంప్యూటర్ల గది చూసుకునే కుర్ర ఉద్యోగి, చిలకమ్మ దగ్గర ఎండుచేపలు కొనేవాడు. ఆ రోజు చిలకమ్మ కాలనీకి వెళ్ళలేదని పేటకే వచ్చాడు. షెడ్డులో ముక్కలు చూసి కెవ్వుమన్నాడు.

"మావా! ఈ ఆట మీకెలగ తెలుసు? నాను కాలేజీలో నాలుగేళ్ళు ఆడేను. నా దగ్గర రూల్సు బుక్కు కూడా ఉంది. ఆదివారం తెస్తాను!"

షెడ్డంతా చప్పట్లు. వరహాలు మాత్రం చేతిలో ముక్కల్ని డబ్బాలో పెట్టి మూత బిగించాడు.

గురువారం నుంచి ఆదివారం దాకా ఆ మనిషి పడ్డ పాట్లు పగవాడికొద్దు. వానొస్తే బాగుణ్ణనుకున్నాడు, ఎండ ఫెళ్ళున కాసింది. జ్వరమని దుప్పటి కప్పుకున్నాడు, చిలకమ్మ మిరియాల కషాయం పోసేసరికి లేచి పరుగెత్తాడు. సబ్బు కాగితం పట్టుకుని ఇంగ్లీషు నేర్చుకోబోయాడు, దాని మీద ఉన్న ఆడమనిషి తప్ప ఏమీ అర్థం కాలేదు.

"ఏటయ్యా నీ బాధ?" అంది చిలకమ్మ చివరికి.

"నాకు సదవడం రాదని తెలిసిపోద్ది."

"నాకు పెళ్ళయిన రోజే తెలుసు. ఊరు మునిగిపోయిందేటి?"

"నీకేటి తెలుసు సిలకా!" అన్నాడు వరహాలు. "ఇన్నేళ్ళలో నన్నెవరైనా ఒక్క మాట అడిగినారా? ఇప్పుడడుగుతన్నారు. ఆ పుస్తకం వచ్చిందంటే మళ్ళీ నీళ్ళు తోడుకునే వరహాలే నాను. ఎవడికీ నాతో పని నేదు."

చిలకమ్మ అన్నం కంచం తెచ్చి మొగుడి ముందు పెట్టింది. ఆవిడ తిట్టకుండా అన్నం పెట్టడం కూడా పేట చరిత్రలో అదే మొదలు.

ఆదివారం వీరేంద్ర వచ్చాడు. నున్నటి అట్టతో చిన్న పుస్తకం. ముందు ఆట, తగాదా వస్తే పుస్తకం అన్నారు. ఒకవైపు వీరేంద్ర, ఒకవైపు అర్జునరావు. చుట్టూ పేటంతా. రెక్కల దగ్గర తగాదా వస్తే వీరేంద్ర పుస్తకం తీసి చదివాడు. "రెక్కలున్నదాన్ని రెక్కలున్నదే ఆపాలి." షెడ్డు ఘొల్లుమంది. గట్టు దగ్గర చదివాడు. అదీ సరిపోయింది. "మావోడికి పుస్తకం దేనికి?" అని జోగమ్మ తుమ్మింది. వరహాలు మొహం మాత్రం పాలిపోతూనే ఉంది.

అప్పుడు అర్జునరావు తాడు ముక్క దించాడు. పన్నెండు చేతులు పడ్డాయి. వీరేంద్ర బిత్తరపోయాడు.

"ఇదేటి మావా? అందరూ సెయ్యేత్తన్నారేటి?"

"వాటా!" అన్నారంతా.

"వాటా ఏటి? ఉండండి, బుక్కులో సూస్తాను." వేలు తడి చేసుకుని పేజీ తిప్పబోయాడు.

"తిప్పకు బాబూ" అన్నాడు వరహాలు లేచి నిలబడి. "అందులో వాటా ఉండదు. నాకు సదువు రాదు. ఇంగ్లీషూ రాదు, తెలుగూ రాదు. బొమ్మ సూసి సెప్పేను. అంతా నాను పుట్టించిందే."

అర్జునరావు మండిపడ్డాడు. "ఎంత మోసం బావా! మరి నాను సూసి, అచ్చరం పొల్లుపోకుండా అదే ఉందని..."

అక్కడ ఆగిపోయాడు. కాని ఆలస్యమైంది. పేటంతా నెమ్మదిగా ఆయనవైపు తిరిగింది.

"మా అన్నకి ఇంగ్లీషొస్తే నాకు ఇమానం నడపడం వచ్చు!" అని చిలకమ్మ పకపకా నవ్వింది. షెడ్డు రేకులెగిరేలా అందరూ నవ్వారు. వరహాలు మాత్రం నవ్వలేదు. వెళ్ళి బోర్లించిన పడవ పక్కన, అందరికీ దూరంగా, ఇసుకలో కూర్చున్నాడు. ఇక నుంచి తన చోటు అదేనని ఖాయం చేసుకున్నాడు.

ఆట పుస్తకం ప్రకారం సాగింది. తాడు ముక్క కొడితే దాని యజమానికి ప్రాణాలు పెరుగుతాయట. అత్త ముట్టుకుంటే చస్తారట. "దానికీ దీనికీ పెద్ద తేడా నేదు" అన్నాడు అర్జునరావు. కాసేపటికి ఆయనకి మిగిలినవి రెండు ప్రాణాలు, అడ్డు నిలవడానికి ఒక్క తాబేలు. వీరేంద్ర తన ఏనుగు ముక్కను ముందుకి తోశాడు.

సరిగ్గా అప్పుడు ఒక కాకి వచ్చింది. ఎండుచేపల చేతులతో నెలన్నర నలిగిన ముక్కలు కదా, దానికి అదొక పెద్ద ఎండుసొర ముక్కలా కనిపించి ఉంటుంది. షెడ్డులోకి దూరి, తాబేలును ముక్కున కరుచుకుని, సముద్రం వైపు వెళ్ళిపోయింది. జోగమ్మ చెప్పు విసిరింది, అది వీరేంద్ర వీపుకి తగిలింది.

"తాబేలు నేదు గాబట్టి ఏనుగు కొట్టీసినట్టే" అన్నారు కొందరు.

"కాకి ఎత్తుకుపోతే నా తప్పేటి?" అని అర్జునరావు గొంతు చించుకున్నాడు.

వీరేంద్ర పుస్తకం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా తిప్పాడు. మళ్ళీ చివరి నుంచి మొదటికి తిప్పాడు. అందులో నిప్పులు కక్కే పాములున్నాయి, నడిచే చెట్లున్నాయి. కాకి లేదు.

గోల ఆగింది. ముందు ఎవరు తిరిగారో తెలియదు. ఒక్కొక్కరే, అలవాటు కొద్దీ, పడవ పక్కన కూర్చున్నవాడి వైపు తిరిగారు. పుస్తకం మూసి వీరేంద్ర కూడా తిరిగాడు.

"మావా, ఇప్పుడేటి సెయ్యాల?"

వరహాలు వెనక్కి చూసుకున్నాడు, ఇంకెవరినైనా అడుగుతున్నారేమోనని. వెనక సముద్రం ఉంది.

"నాను సెప్పకూడదు బాబూ. నాకు సదువు..."

"సదువు ఎవడడిగినాడు?" అని అర్జునరావు అరిచాడు. "సెప్పు బావా!"

వరహాలు ఇసుక మీద వరసగా పడుకున్న పడవల్ని చూశాడు. నెమ్మదిగా మాట్లాడాడు, ఎవరికో నచ్చాలని కాదు.

"ఏటకెళ్ళిన పడవ సీకటడినా రాకపోతే మనమేటి సేస్తాం? దాని సోట్లో ఇంకో పడవ ఎట్టం. రెండ్రోజులైనా, పది రోజులైనా ఆ సోటు అలగే ఉంచుతాం. కళ్ళతో సూడకుండా సచ్చిపోనాదని అనం. తాబేలు సచ్చిపోడం ఎవుడు సూసేడు? దాని సోట్లో ఒక రాయెట్టండి. అది ఉన్నట్టే. ఏనుగు ఆగాల."

ఒక్కరూ కాదనలేదు. రాని పడవ కోసం ఆ ఖాళీ ఇసుక వైపు చూస్తూ రాత్రుళ్ళు గడపని ఇల్లు పేటలో లేదు. జోగమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది, ఈసారి పొడుం వల్ల కాదు. అర్జునరావే వెళ్ళి ఒక గుండ్రాయి తెచ్చి తాబేలు ఉన్నచోట పెట్టాడు. వీరేంద్ర ఏనుగును వెనక్కి తీసుకుని, జేబులోంచి పెన్ను తీసి, పుస్తకం చివర ఖాళీ పేజీ తెరిచాడు.

"ఇది రాసుకోవాల మావా. కాని అన్నిటికీ ఉన్నట్టు దీనికీ ఒక పేరు కావాల. ఒక్క మాటలో."

"కాకి" అన్నారొకరు. "రాయి" అన్నారొకరు.

"వరహాలు అని రాయి" అన్నాడు అర్జునరావు.

వీరేంద్ర రాశాడు. వరహాలు వచ్చి అతని భుజం మీంచి వంగి చూశాడు.

"ఏటి రాసినావు బాబూ?"

వీరేంద్ర చదివాడు. "వరహాలు. ఈ శక్తి ఉన్న ముక్క కళ్ళెదురుగా లేకపోయినా ఉన్నట్టే. దాని చోటు ఇంకెవరికీ ఇవ్వకూడదు."

"ఇంకోసారి సదువు" అన్నాడు వరహాలు.

వీరేంద్ర ఇంకోసారి చదివాడు. వెనక అర్జునరావు ఆట మొదలెట్టమని తొందర పెడుతున్నాడు. చిలకమ్మ ఆయన నెత్తిన ఒక్కటి మొట్టింది.

"ఉండన్నా, మూడోసారి సదవనీ" అంది.